తారీఖు ముందు, రంగు తర్వాత: మోడల్ గూడ్స్ వ్యాగన్ మీద అక్షరాలు, దుమ్ము, తుప్పు

గూడ్స్ వ్యాగన్ మోడల్‌ని రైల్వేలో పనిచేసిన మనిషి చేతికిచ్చి చూడండి. రివెట్లు లెక్కపెట్టడు, బోగీ, అంటే కింద చక్రాలుండే ఫ్రేము, ఆకారం సరిగ్గా ఉందో లేదో వెంటనే పట్టించుకోడు. నేరుగా పక్క ప్యానెల్ మీది అక్షరాలు చదువుతాడు. ఏ జోన్‌ది, ఏ ఏడాది వ్యాగన్, పీఓహెచ్ (వర్క్‌షాపులో చేసే పెద్ద మరమ్మతు) ఎక్కడైంది, మళ్లీ ఎప్పుడు రావాలి. ఉద్యోగం నేర్పిన అలవాటు అది. చదివింది ఒకటి, పైన కనిపించే తుప్పు ఇంకొకటి చెబుతుంటే ఎంత నాజూకు పనైనా తేలిపోతుంది.

మనలో చాలామంది రంగు వేయడం, అక్షరాలు అతికించడం, పాతబడినట్టు చేయడం అనేవి వేర్వేరు పనులు అనుకుంటారు. రంగుకి ఒక వీడియో, డెకల్‌కి ఒక వీడియో, వెదరింగ్‌కి ఇంకో వీడియో చూస్తారు. ఒక్కొక్కటీ బాగానే వస్తుంది. కలిపి చూస్తే మాత్రం ఏదో తేడా కొడుతుంది. కారణం ఒక్కటే: ఆ వ్యాగన్ ఏ నెల, ఏ సంవత్సరంలో మన ముందు నిలబడి ఉందో ముందే తేల్చుకోలేదు. ఆ తారీఖు ఖాయం చేసుకుంటే మిగతావన్నీ దానంతటవే ఒక దారికొస్తాయి.

ఉదాహరణకి మనకి బాగా తెలిసిన బాక్స్‌ఎన్ తీసుకుందాం. మణుగూరు, కొత్తగూడెం, రామగుండం వైపు బొగ్గు మోస్తూ అందరూ చూసిన పైకప్పు లేని పొడుగాటి వ్యాగనే అది. కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కి 10,713 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 87వ వంతులో, 123 మిల్లీమీటర్లు వస్తుంది. ఖాళీ బరువు 22.47 టన్నులు, మోసేది 58.81 టన్నులు, మొత్తం 81.28 టన్నులు. నాలుగు యాక్సిళ్ల మీద పంచితే ఒక్కోదాని మీద 20.32 టన్నులు పడుతుంది. ఈ అంకెలన్నీ ఎందుకంటే వీటిలో కొన్ని వ్యాగన్ మీదే రాసి ఉంటాయి. ఖాళీ బరువు, మోసే సామర్థ్యం రాయకుండా వదిలేస్తే ప్యానెల్ బోసిగా కనిపిస్తుంది. గూగుల్‌లో దొరికిన వేరే రకం వ్యాగన్ అంకెలు వేస్తే ఇంకా అన్యాయం.

పదకొండు అంకెల్లో జాతకం

మన రైల్వేల్లో 2003 నుంచి వ్యాగన్లకు 11 అంకెల నంబరు పద్ధతి వచ్చింది. మొదటి రెండు అంకెలు వ్యాగన్ రకం. 10 నుంచి 29 దాకా పైకప్పు లేనివి, 30 నుంచి 39 దాకా కప్పు ఉన్నవి, 40ల నుంచి ట్యాంకులు, 70ల్లో హాపర్లు (అడుగు నుంచి సరుకు వదిలేవి), 85 నుంచి 89 దాకా బ్రేక్ వ్యాన్లు. తర్వాతి రెండు అంకెలు సొంతదారు జోన్: దక్షిణ రైల్వే 06, ఆగ్నేయ రైల్వే 07, దక్షిణ మధ్య రైల్వే 09. ఆ తర్వాతి రెండు తయారైన సంవత్సరం. తర్వాత నాలుగు ఆ వ్యాగన్ సొంత నంబరు. చివరిది చెక్ అంకె.

ఈ చెక్ అంకె దగ్గరే చాలా మోడళ్లు దొరికిపోతాయి. మిగతా పది అంకెలు సరిగ్గా నమోదయ్యాయా లేదా అని చూసుకోవడానికి పెట్టిన అంకె అది, దానికో లెక్క ఉంది. మనం వేయబోయే నంబరు 10 09 88 1346 అనుకుందాం. సరి స్థానాల్లో, అంటే రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల్లో ఉన్నవి 0, 9, 8, 3, 6. కూడితే 26, మూడుతో గుణిస్తే 78. బేసి స్థానాల్లోవి 1, 0, 8, 1, 4. కూడితే 14. రెండూ కలిపితే 92. దీన్ని పైనున్న పదుల సంఖ్యకి, అంటే 100కి చేర్చాలంటే 8 కావాలి. కాబట్టి పదకొండో అంకె 8. నోటికొచ్చిన నంబరు వేసేబదులు కాగితం మీద ఈ లెక్క వేసుకోవడానికి అర నిమిషం చాలు. చూసేవాళ్లలో దీన్ని సరిచూసే మనిషి ఒక్కడైనా ఉంటాడని నా అనుభవం. రిటైరైన గార్డులకి, యార్డు స్టాఫ్‌కి ఇది సరదా.

2003కి ముందు కథ వేరు. అప్పుడు జోన్ పొడి అక్షరాలు, వాటి పక్కన వరస నంబరు, అంతే. అంటే మీ లేఅవుట్, అదే మోడల్ రైళ్లు తిప్పే పట్టాలూ యార్డుల అమరిక, 1995 నాటిదైతే ఈ 11 అంకెల వ్యాగన్ అందులోకి రాకూడదు. 2005 నాటిదైతే పాత నంబర్ల స్థానంలో కొత్తవి కనిపించాలి.

జోన్ అక్షరాల్లోనూ తారీఖు దాగి ఉంది. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న పుట్టింది. దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు, మధ్య రైల్వే నుంచి సికింద్రాబాద్, సోలాపూర్ డివిజన్లు కలిపి దాన్ని చేశారు. 1960 నాటి కాజీపేట యార్డు కట్టి, అందులోని వ్యాగన్ మీద ‘ఎస్‌సీ’ అని రాస్తే ఆరేళ్లు ముందుకి దూకినట్టే. ఇంకా వెనక్కి వెళితే నిజాం స్టేట్ రైల్వే, ఎం అండ్ ఎస్ఎం (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే) అక్షరాలు. తూర్పు కోస్తా రైల్వే పేరు వేయాలంటే 2003 తర్వాతే. ఇంగ్లిష్ అక్షరాల పక్కన దేవనాగరిలో కూడా జోన్ పొడి అక్షరాలు ఉంటాయి. దక్షిణ మధ్యకి హిందీ ‘ద’, ‘మ’. దీన్ని మర్చిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఫోటో పక్కన పెట్టుకుని చూస్తే తప్ప లేదన్న సంగతే తోచదు.

అమెరికా వ్యాగన్లు చేసేవాళ్లకి ఈ తారీఖుల పిచ్చి మనకంటే ఎక్కువ. అక్కడ 1967 నుంచి వ్యాగన్ పక్కన రంగురంగుల గీతల పలక తప్పనిసరి చేశారు, ఆటోమేటిక్‌గా నంబరు చదివే యంత్రం కోసం. దుమ్ము పట్టి యంత్రాలు సరిగ్గా చదవలేకపోవడంతో 1977లో ఆ పద్ధతినే వదిలేశారు. కానీ పలకలు వ్యాగన్ల మీద మిగిలిపోయాయి, మాసిపోయి. ఆ ఒక్క పలక ఉందా లేదా, ఉంటే శుభ్రంగా ఉందా మాసి ఉందా అన్నదాన్నిబట్టి మోడల్ ఏ కాలానిదో చెప్పేస్తారు.

పీఓహెచ్, ఆర్‌ఓహెచ్: దుమ్ము ఎంత పట్టాలో చెప్పే అంకెలు

వ్యాగన్ మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు మరమ్మతు తారీఖుల ప్యానెల్. పీఓహెచ్ అంటే వర్క్‌షాపులో జరిగే పెద్ద మరమ్మతు. విజయవాడ పక్కనే గుంటుపల్లిలో ఉన్న రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు అలాంటిదే. ఆర్‌ఓహెచ్ అంటే డిపోలో జరిగే చిన్న మరమ్మతు. బాక్స్‌ఎన్‌కి మొదటి పీఓహెచ్ ఆరేళ్లకి, తర్వాత నాలుగున్నరేళ్లకోసారి. ఆర్‌ఓహెచ్ 18 నెలలకోసారి. బీసీఎన్ లాంటి కప్పున్న వ్యాగన్‌కి పీఓహెచ్ ఆరేళ్లకి, ఆర్‌ఓహెచ్ రెండేళ్లకి.

ఇప్పుడు మన 1988 వ్యాగన్ సంగతి లెక్కేయండి. మొదటి పీఓహెచ్ 1994లో. తర్వాత 1998 మధ్యలో. ఆ తర్వాత 2003 మొదట్లో. మన లేఅవుట్ తారీఖు 2005 ఫిబ్రవరి అనుకుంటే, ఆ వ్యాగన్ చివరిసారి పూర్తిగా రంగు వేయించుకుని రెండేళ్లయింది. 11 అంకెల నంబరు కూడా దాదాపు అప్పుడే పడి ఉంటుంది. 2004 మధ్యలో ఒక ఆర్‌ఓహెచ్ అయి ఉంటుంది. అప్పుడు వ్యాగన్ మొత్తానికి రంగు వేయరు, తారీఖుల చోట మాత్రం తుడిచి, కాస్త రంగు కొట్టి, కొత్తగా రాస్తారు.

అంటే ఒకే పక్క మీద రెండు వయసుల పెయింట్ ఉంటుంది. బాడీ రంగు రెండేళ్లది: బొగ్గు దుమ్ము పట్టి, సొట్టల దగ్గర తుప్పు మొదలై ఉంటుంది. పెద్ద నంబరు కూడా రెండేళ్లదే, మాసిపోయి కొంచెం గోధుమ రంగులోకి దిగి ఉంటుంది. ఆర్‌ఓహెచ్ తారీఖు మాత్రం ఏడెనిమిది నెలలదే, తెల్లగా, చుట్టూ కొంచెం ముదురు మచ్చతో కనిపిస్తుంది. మోడల్ చేసేవాడు ఈ అక్షరాలన్నిటినీ ఒకే తెలుపుతో, ఒకేలా మెరిసేలా వేసి పైన ఒక్కసారి దుమ్ము కొట్టి వదిలేస్తే, అది వ్యాగన్ కాదు, వ్యాగన్ రంగు వేసిన ప్లాస్టిక్.

రంగు మందం

ఇక రంగు డబ్బా మూత తీద్దాం. దీని గురించి ఇంటర్నెట్ నిండా ఉంది కాబట్టి ఎక్కువ సాగదీయను.

త్రీడీ ప్రింట్ బాడీ అయినా, రెజిన్‌లో పోతపోసిందైనా, ముందు కడగాలి. రెజిన్ ప్రింట్‌ని ఆల్కహాల్‌తో, మిగతావాటిని గోరువెచ్చని నీళ్లలో అంట్లు తోమే లిక్విడ్‌తో. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన జిడ్డు ఉంటే రంగు ముద్దలు ముద్దలుగా విడిపోతుంది. కడిగాక వేలితో ముట్టుకోకండి.

పొర మందం సంగతి మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. స్ప్రే డబ్బాతో నింపాదిగా వేసిన రంగు సులభంగా 0.05 మిల్లీమీటర్లు దాటుతుంది. 87తో గుణించండి: నిజమైన వ్యాగన్ మీద నాలుగు మిల్లీమీటర్లకు పైగా మందమైన రంగు. నిజమైన వ్యాగన్ పక్క రేకు మందమే కొన్ని మిల్లీమీటర్లు. అందుకే ప్రైమర్, రంగు, గ్లాసీ వార్నిష్, మ్యాట్ వార్నిష్ అన్నీ కలిసినా సన్నగా ఉండేలా ఒక్కో పొరా పలచగా, రెండు మూడుసార్లు వేసుకుంటూ పోవాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే రెడ్ ఆక్సైడ్ స్ప్రే చవక, రంగు కూడా దగ్గరగా ఉంటుంది. కానీ అది గేట్లకీ గ్రిల్స్‌కీ చేసింది, మందంగా పడుతుంది. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లకి దాన్నే వాడమంటాను కానీ, డబ్బాని ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెట్టి, దూరం నుంచి చకచకా కదుపుతూ కొట్టమంటాను. మరుగుతున్న నీళ్లు కాదు, పొయ్యి దగ్గర అసలే కాదు.

వాతావరణం కూడా పగబడుతుంది. జులై, ఆగస్టుల్లో విశాఖలోనో కాకినాడలోనో స్ప్రే కొడితే ముదురు రంగు మీద తెల్లటి మంచులాంటి పొర వస్తుంది. సాల్వెంట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. ఇక మే నెలలో, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కొడితే తుంపర్లు వ్యాగన్‌కి తగిలేలోపే సగం ఆరిపోయి ఇసుక కాగితంలా గరుగ్గా పడతాయి. పొద్దున్న పూట, వాన లేని రోజు చూసుకోవాలి.

రంగు ఛాయ గురించి పెద్ద గొడవే ఉంది. నిజమైన వ్యాగన్‌కి వాడిన రంగే తెచ్చి మోడల్‌కి వేస్తే ముదురుగా, దాదాపు నల్లగా కనిపిస్తుందని కొందరు, అదంతా అపోహ అని కొందరు. నా మాట అడిగితే, ఇంట్లో ట్యూబులైటు కింద పెట్టే మోడల్‌కి బాడీ రంగులో కొంచెం లేత బూడిద కలపడమే మేలు. తెలుపు కలిపితే రెడ్ ఆక్సైడ్ గులాబీ వైపు వెళ్లిపోతుంది, జాగ్రత్త.

డెకల్ కింద గాలి

నీళ్లలో నానబెట్టి జార్చే డెకల్ అంటే పారదర్శకమైన సన్నటి పొర మీద అచ్చయిన అక్షరాలు. దీనితో వచ్చే పెద్ద చిక్కు అక్షరాల చుట్టూ వెండిలా మెరిసే అంచు. దీనికి కారణం జిగురు తక్కువవడం అనుకుంటారు చాలామంది. అసలు కారణం ఉపరితలం. మ్యాట్ రంగు అంటేనే సూక్ష్మమైన గుంతలూ గుట్టలూ. వాటి మీద డెకల్ పొర గుట్టల మీద ఆనుకుని, గుంతల్లో గాలి ఉండిపోతుంది. వెలుతురు ఆ గాలి పొర దగ్గర వెనక్కి మళ్లుతుంది. ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేసినప్పుడు సరిగ్గా అంటుకోని చోట ఎలా మెరుస్తుందో అలాగే.

అందుకే డెకల్ వేసేముందు గ్లాసీ వార్నిష్ వేస్తాం. మెరుపు కోసం కాదు, ఆ గుంతలు పూడ్చడానికి. బాడీ మొత్తం అక్కర్లేదు, అక్షరాలు వచ్చే ప్యానెళ్లకి వేస్తే చాలు. డెకల్ కింద ఒక చుక్క సెట్టింగ్ ద్రవం వేస్తే అది ఉపరితలాన్ని తడిపి గాలిని బయటికి నెడుతుంది. అది దొరకకపోతే నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్ చాలావరకు పనిచేస్తుంది. డెకల్ చోటులో కుదురుకున్నాక పైన మెత్తబరిచే ద్రవం, మైక్రో సాల్ లాంటిది. ఇది పొరని కరిగించినంత పని చేసి రివెట్ల మీదికి, అంచుల్లోకి లాగేస్తుంది. కాసేపు డెకల్ ముడతలు పడి భయపెడుతుంది. అప్పుడు వేలు పెట్టారో, చిరుగుతుంది. వదిలేస్తే దానంతటదే సాగి అతుక్కుంటుంది. అయినా ఎక్కడైనా వెండి మెరుపు మిగిలితే, సన్నటి సూదితో పొడిచి మళ్లీ ఒక చుక్క వేయాలి.

బాక్స్‌ఎన్ పక్కలు నిలువు కమ్మీలతో ప్యానెళ్లుగా విడిపోయి ఉంటాయి. పొడుగాటి డెకల్ ఒకటే తెచ్చి కమ్మీల మీదుగా పరిస్తే గుడారంలా నిలబడుతుంది. ప్యానెల్‌కి ఒక ముక్క చొప్పున, అక్షరం అంచుకి వీలైనంత దగ్గరగా కత్తిరించుకోవాలి.

ప్రింటర్‌లో తెలుపు లేదు

ఇప్పుడు అసలు ముడి. మన వ్యాగన్ల మీద అక్షరాలు తెలుపు, కింద రంగు ముదురు. ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్‌కీ, ఆఫీసులో ఉన్న లేజర్‌కీ తెలుపు రంగు లేదు. అవి కాగితం తెలుపునే తెలుపుగా వాడుకుంటాయి. పారదర్శక డెకల్ షీటు మీద ‘తెలుపు’ అచ్చువేయమంటే ఏమీ వేయవు. అమెరికా వ్యాగన్లకి దొరికినంత సులభంగా మన వ్యాగన్లకి రెడీమేడ్ షీట్లు దొరకవు కాబట్టి ఇది మనకి రోజూ ఎదురయ్యే తలనొప్పి.

ఒకప్పుడు జపాన్‌వాళ్ల ఆల్ప్స్ ప్రింటర్ తెల్ల రిబ్బన్‌తో అచ్చు వేసేది. మోడలర్లు దాన్ని బంగారంలా దాచుకున్నారు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు తెల్ల టోనర్ ఉన్న లేజర్ ప్రింటర్లు ఉన్నాయి, కానీ ఒక ఔత్సాహికుడు కొనే ధరలో ఉండవు. పది మంది కలిసి ఒక షీటు నిండా డిజైన్ చేసి బయట ప్రింట్ చేయించుకోవడం తెలివైన పని. ఊళ్లలో మగ్గులకీ ఫోన్ కవర్లకీ స్టిక్కర్లు వేసే యూవీ ప్రింటింగ్ షాపుల్లో తెలుపు దొరుకుతుంది. కానీ ఆ ఇంకు పొర ఉబ్బెత్తుగా ఉంటుంది, దగ్గర్నుంచి చూస్తే అక్షరాలు అతికించిన ప్లేట్లలా కనిపిస్తాయి. ‘ఓ’ (O) అనే స్కేల్ లాంటి పెద్దవాటికి సరే, హెచ్‌ఓకి నేనైతే వాడను. వినైల్ కటర్‌తో స్టెన్సిల్ కోసి రంగు కొట్టే పద్ధతి ఉంది, నిజమైన వర్క్‌షాపులో చేసేదానికి అదే దగ్గర. కాకపోతే నిజంలో 100 మిల్లీమీటర్ల అక్షరం హెచ్‌ఓలో 1.15 మిల్లీమీటర్లే. అంత చిన్నదాన్ని ఇంటి కటర్ కోయలేదు.

మిగిలింది తిరగేసి ఆలోచించే దారి. తెల్ల డెకల్ షీటు తీసుకుని, అక్షరాలు కాకుండా వాటి చుట్టూ ఉన్న నేపథ్యాన్ని అచ్చు వేయడం. అక్షరాల చోట కాగితం తెలుపు అలాగే మిగులుతుంది. దీన్ని చాలామంది కొట్టిపారేస్తారు, అచ్చయిన బ్రౌన్ రంగు బాడీ రంగుతో ఎప్పటికీ కలవదని. నిజమే, కలవదు. కానీ పైన చెప్పిన ఆర్‌ఓహెచ్ ప్యానెల్ గుర్తుందా? నిజమైన వ్యాగన్ మీద కూడా అక్కడి రంగు బాడీతో కలవదు. డిపోలో చేతికి దొరికిన ముదురు రంగు ఒక చతురస్రంగా కొట్టి, దాని మీద తెల్లగా రాస్తారు. అంటే ప్రింటర్ చేతగానితనం ఇక్కడ మనకి కలిసొస్తుంది. నల్లటి లేదా ముదురు గోధుమ చతురస్రంలో తెల్ల అంకెలు అచ్చు వేసి, అంచు వెంబడి కత్తిరించి అతికిస్తే అచ్చం కొత్తగా రాసిన తారీఖు మచ్చలా ఉంటుంది. కత్తిరించిన అంచులో తెల్ల పొర సన్నగా కనిపిస్తుంది, దాన్ని మాత్రం అతికించేముందే అదే రంగుతో బ్రష్ కొసతో తాకించాలి. ఇంక్‌జెట్ అయితే నీళ్లలో ముంచేముందు షీటు మీద క్లియర్ లాకర్ కొట్టాలి, లేకపోతే ఇంకు కారిపోతుంది.

అంటే ఒకే వ్యాగన్‌కి రెండు పద్ధతులు వాడొచ్చు: పెద్ద నంబరుకీ జోన్ అక్షరాలకీ బయట వేయించిన తెల్ల డెకల్, తారీఖులకీ బరువులకీ ఇంట్లో వేసిన మచ్చ డెకల్. ఫాంట్ విషయం కూడా చూడాలి. కంప్యూటర్‌లో ఉన్న ఏరియల్ అక్షరాలు మరీ నున్నగా ఉంటాయి. రేకు స్టెన్సిల్‌తో వేసిన అక్షరాల్లో సున్నాలోనూ ఎనిమిదిలోనూ మధ్యలో కోతలు ఉంటాయి. బ్రష్‌తో రాసినవైతే ఒక అంకె లావుగా, ఇంకోటి సన్నగా. ప్యానెల్ ఫోటో మీద ట్రేస్ చేసుకుని గీసుకోవడమే నయం. తెలుపు కూడా పచ్చి తెలుపు కాకుండా మీగడ రంగు వైపు ఉండాలి.

సరుకును బట్టి మాపు

అక్షరాల మీద ఒక పలుచటి వార్నిష్ పొర వేసి ఆరనిచ్చాకే వెదరింగ్. లేదంటే టర్పెంటైన్ కలిపిన వాష్ (బాగా పలచన చేసిన రంగు) డెకల్ అంచుల్లోకి దూరుతుంది. మొదట చేయాల్సింది పెద్ద నంబరు వయసు పెంచడం: బాడీ రంగునే బాగా పలచన చేసి, అక్షరాల మీదుగా ఒకటి రెండు పొరలు కొట్టాలి. తెలుపు అక్కడికక్కడే కాస్త వెనక్కి తగ్గుతుంది. తారీఖు మచ్చల్ని ఆ సమయంలో చిన్న మాస్కింగ్ టేపు ముక్కతో కప్పేయాలి. టేపు తీసిన క్షణంలో రెండు వయసుల పెయింట్ కళ్లముందు కనిపిస్తుంది. ఈ పనిలో నాకు నచ్చే క్షణం అదే.

తుప్పు ఎక్కడ పెట్టాలన్నది వ్యాగన్ ఏం మోస్తుందో చెబుతుంది. బొగ్గు వ్యాగన్ లోపల నేల, పక్కల కింది భాగం ముందు తుప్పు పడతాయి, తడి బొగ్గు అక్కడే కూర్చుంటుంది కాబట్టి. థర్మల్ కేంద్రంలో టిప్లర్ వ్యాగన్‌ని ఎత్తి బోర్లించేటప్పుడు పై అంచుల మీద పట్టు పడుతుంది, అక్కడ రంగు లేచిపోతుంది. ప్రొక్లెయినర్‌తో దించినచోట బకెట్ తగిలి పక్కలు బయటికి ఉబ్బుతాయి. ఆ ఉబ్బుల మీద రంగు పెచ్చులూడి తుప్పు. రోజూ తిరిగే వ్యాగన్ లోపల నారింజ రంగు తుప్పు ఉండదు, రాపిడికి నల్లగా, కాస్త లోహపు మెరుపుతో ఉంటుంది. వానలో వారాల తరబడి యార్డులో నిలబడిన ఖాళీ వ్యాగన్ లోపలే ఆ నారింజ రంగు.

కిరండూల్ నుంచి విశాఖకి ఇనుప ఖనిజం మోసే వ్యాగన్ అయితే అంతా ఎర్రటి ధూళి, బోగీల దాకా. అందులో సరుకు పోసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బాక్స్‌ఎన్‌లో దాదాపు 56 ఘనపు మీటర్ల చోటుంది. బొగ్గు తేలిక కాబట్టి అంచు దాకా, కొన్నిసార్లు కుప్పగా వస్తుంది. ఖనిజం మూడింతలు బరువు. 58 టన్నులు నిండేసరికి వ్యాగన్ సగం కూడా నిండదు. అంచు దాకా ఎర్ర ఖనిజం పోసిన మోడల్ చూస్తే, ప్యానెల్ మీద రాసిన టన్నుల అంకెనే వెక్కిరించినట్టు ఉంటుంది.

సిమెంటు బస్తాలు మోసే బీసీఎన్‌కి తుప్పు కంటే బూడిద రంగు ముఖ్యం. తలుపుల అంచుల దగ్గర, తలుపు కింద గీతలుగా. సిమెంటు తడిస్తే గట్టిపడుతుంది, వానకి కడుక్కుపోదు. అందుకే ఆ బూడిద మచ్చల మీద తుప్పు చారలు దిగొచ్చు కానీ, తుప్పు మీద తాజా సిమెంటు పొడి కనిపిస్తే అది మొన్నటి లోడు అన్నమాట. ఎరువుల బండైతే తలుపుల దగ్గర రంగే తినేస్తుంది.

బోగీలు, అంటే చక్రాల ఫ్రేములు, అందరూ నల్లగా వదిలేస్తారు. నిజానికి ట్రాక్ దుమ్ము పట్టిన గోధుమ రంగే ఎక్కువ. పాత వ్యాగన్లలో సాదా బేరింగుల నుంచి నూనె కారి చక్రం మీద జిడ్డు చారలు ఉండేవి. బాక్స్‌ఎన్ కింద ఉండే కాస్నబ్ బోగీకి సీలు వేసిన రోలర్ బేరింగులు, అంత జిడ్డు ఉండదు. సాదా బేరింగులున్న పాత వ్యాగన్ల వెదరింగ్ వీడియో చూసి బాక్స్‌ఎన్‌కి అలాగే నూనె పూయడం కుదరదు. అన్నట్టు, హెచ్‌ఓ ట్రాక్ 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు ఆ స్కేల్‌లో 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. వ్యాగన్ కింద కాస్త ఇరుకుగా కనిపించేది అందుకే. అండర్‌ఫ్రేమ్‌ని బాడీ కంటే రెండు ఛాయలు ముదురుగా ఉంచితే ఆ ఇరుకు అంతగా కంటికి ఆనదు.

దుమ్ముకి పొడి పేస్టల్ సుద్దల్ని బ్లేడుతో గీకి వాడతాను. నిజమైన బొగ్గునే దంచి టీ వడపోతలో జల్లించి లోడుగా వేయొచ్చు. ఫెవికాల్‌లో సగం నీళ్లు, ఒక చుక్క సబ్బు లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో పోస్తే కదలకుండా పట్టుకుంటుంది. సబ్బు లేకపోతే నీళ్లు బొగ్గు పొడి మీద ముత్యాల్లా దొర్లిపోతాయి.

చివరి మ్యాట్ వార్నిష్ అన్నీ అయ్యాక. డెకల్ పొర అంచులూ గ్లాసీ మెరుపూ కలిసి మాయమయ్యేది దీనితోనే. చక్రాల పట్టాలు తగిలే భాగానికి మాత్రం పడనీయకండి, అక్కడ లోహం మెరుస్తూ ఉండాలి. సుద్ద గీతలు దాని పైన: యార్డులో స్టాఫ్ తెల్ల సుద్దతో గీకిన అంకెలు, టిక్కులు. తెల్ల పెన్సిల్ కొసని బాగా చెక్కి రాస్తే సరిపోతుంది.

ఒక్క వ్యాగన్ కాదు, రేక్

బాక్స్‌ఎన్ రేక్ అంటే 58 వ్యాగన్లు, వెనక బ్రేక్ వ్యాన్. ఇంట్లో అంత ఎవరికి కుదురుతుంది, పదో పన్నెండో పెట్టుకుంటాం. ఆ పన్నెండూ ఒకే రోజు, ఒకే డబ్బాతో, ఒకే వాష్‌తో చేస్తే అన్నీ కవల పిల్లలే. ఇక్కడ కూడా తారీఖే కాపాడుతుంది. పన్నెండు వ్యాగన్లకి పన్నెండు పీఓహెచ్ తారీఖులు కాగితం మీద రాసుకోండి, నాలుగున్నరేళ్ల వ్యవధిలో చెదురుమదురుగా. ఒకటి రెండు నిన్నో మొన్నో వర్క్‌షాపు నుంచి వచ్చినవి, కడిగిన ముత్యాల్లా. మూడు నాలుగు పీఓహెచ్‌కి ఇంకో నెల ఉన్నవి, నంబరు కూడా సరిగ్గా కనిపించనివి. మిగతావి మధ్యలో. ఏ వ్యాగన్‌కి ఎంత మాపు పట్టాలో ఆ జాబితాయే చెబుతుంది.

జోన్ విషయంలో మన ప్రాంతాభిమానం అడ్డొస్తుంది. విజయవాడ లేఅవుట్ కాబట్టి అన్ని వ్యాగన్ల మీదా దక్షిణ మధ్య అక్షరాలే వేసేస్తాం. మామూలు గూడ్స్ వ్యాగన్లు దేశమంతా తిరుగుతూ కలిసిపోతాయి. విజయవాడ మీదుగా వెళ్లే రేక్‌లో ఆగ్నేయ రైల్వేవి, తూర్పు రైల్వేవి, ఉత్తర రైల్వేవి, దక్షిణ రైల్వేవి అన్నీ ఉంటాయి. పన్నెండులో దక్షిణ మధ్యవి రెండో మూడో చాలు. మిగతావాటికి నంబరులో మూడు, నాలుగో అంకెలు మారతాయి, దేవనాగరి అక్షరాలు మారతాయి, పీఓహెచ్ చేసిన వర్క్‌షాపు పేరు కూడా మారొచ్చు. వాటితోపాటు చివరి చెక్ అంకె కూడా మళ్లీ లెక్కేయాల్సిందే.